మాస్లెనిత్సా వారం: రష్యాలో చదువుకునే మన వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, జూనియర్ల నుంచి వరసగా మెసేజులు. అక్కా ఆ బొమ్మని తగలబెట్టేది ఎప్పుడు, అక్కా టికెట్ ఉంటుందా, అక్కా నా షూ సరిపోతాయా అని. ఒక్కొక్కళ్లకి విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకే చోట రాసి పెడుతున్నా. మాది ఖమ్మం, త్వేర్‌లో మెడిసిన్ ఐదో సంవత్సరం. ఇప్పటికి ఐదు మాస్లెనిత్సాలు గడిచాయి, అందులో మొదటిది చూశానని చెప్తే అబద్ధం అవుతుంది, అదెందుకో కింద బట్టల ప్రశ్న దగ్గర ఉంది.

మాస్లెనిత్సా అంటే అసలేంటి, ఒక్క ముక్కలో చెప్పండి

ఒక్క ముక్కలో అంటే చలికాలాన్ని సాగనంపే వారం. ఇంకాస్త చెప్పమంటే, ఈస్టర్‌కి ముందు ఆర్థడాక్స్ క్రైస్తవులు పెద్ద ఉపవాసం ఉంటారు, వెలీకీ పోస్త్ అంటారు, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఏవీ ముట్టరు. అది మొదలయ్యే ముందు చివరి వారం ఇది. మాంసం అప్పటికే ముందు ఆదివారంతో ఆపేసి ఉంటారు, పాలు, వెన్న, గుడ్లు, చేపలు మాత్రం ఈ వారం తినొచ్చు కాబట్టి ఇంట్లో ఉన్న వెన్నా గుడ్లూ అంతా అట్లు పోసి అవగొట్టేస్తారన్నమాట. మాస్ల అంటే వెన్న, నూనెని కూడా అదే మాటతో అంటారు, పండగ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. చర్చి లెక్కలో దీని పేరు సీర్నయా సెద్మీత్సా, అంటే చీజ్ వారం.

సోవియట్ కాలంలో మతం వాసన తగలకుండా ఇదే పండగని "రష్యన్ శీతాకాలానికి వీడ్కోలు" అని పార్కుల్లో జరిపేవాళ్లు. అందుకే ఇప్పటికీ చర్చికి జన్మలో వెళ్లని వాళ్లు కూడా అట్లు పోసుకుంటారు, ఎవరూ వింతగా చూడరు.

ఎప్పుడొస్తుంది? ప్రతి ఏడాది డేట్ మారిపోతుందేంటి?

ఆర్థడాక్స్ ఈస్టర్ డేట్ మారుతుంది, దాన్ని బట్టి ఇదీ మారుతుంది. ఈస్టర్ ఆదివారం నుంచి 48 రోజులు వెనక్కి లెక్కపెడితే ఉపవాసం మొదలయ్యే సోమవారం వస్తుంది, దానికి ముందు ఏడు రోజులూ మాస్లెనిత్సా. 2025లో ఫిబ్రవరి 24 నుంచి మార్చి 2 వరకు వచ్చింది, 2026లో ఫిబ్రవరి 16 నుంచి 22, ఇక 2027లో మార్చి 8 నుంచి 14. నెల తేడా రావడం వల్ల ఒక ఏడాది మోకాలి లోతు మంచులో చేసుకుంటే ఇంకో ఏడాది బురదలో చేసుకుంటాం, షూ సంగతి ఆలోచించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

సెలవిస్తారా?

ఇవ్వరు. ఫిబ్రవరి 23, మార్చి 8 మాత్రం సెలవులు, అవి వేరే లెక్క, ఒక్కోసారి దీంతో కలుస్తాయి అంతే, 2027లో మాస్లెనిత్సా సోమవారం మార్చి 8నే పడింది కాబట్టి ఆ ఏడాది లక్కు. మిగతాప్పుడు పండగ అని క్లాసు ఎగ్గొడితే అత్రబోత్కా తప్పదు. కొత్తగా వచ్చిన వాళ్లకి: అత్రబోత్కా అంటే ఎగ్గొట్టిన క్లాసుని మళ్లీ వెళ్లి అప్పజెప్పడం, మీరు ఇక్కడ నేర్చుకునే మొదటి పది రష్యన్ మాటల్లో ఇదొకటి, చదువయ్యేదాకా వెంటాడుతుంది. మెయిన్ సందడి శని, ఆదివారాల్లోనే కాబట్టి ఎగ్గొట్టాల్సిన పని కూడా లేదు.

ఆదివారం ఒక్కరోజు వెళ్తే సరిపోదా? వారమంతా ఏం చేస్తారు?

అందరూ చేసే తప్పు ఇదే. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి, మంట వీడియో తీసుకుని, స్టేటస్ పెట్టి పండగ అయిపోయిందనుకుంటారు. సంక్రాంతికి ఊరొచ్చిన వాడు భోగి మంట ఒక్కటే చూసి బస్సెక్కేసినట్టు ఉంటుంది. ఈ పండగలో ఏడు రోజులకీ ఏడు పేర్లున్నాయి, వాటిల్లో సగం పేర్లు బంధుత్వాల మీదే, అవి మనకి అర్థమైనంత బాగా నాతో చదివే వేరే దేశాల వాళ్లెవరికీ అర్థం కాలేదు.

సోమవారం వ్స్త్రేచా, అంటే ఎదుర్కోలు, గడ్డి బొమ్మని కట్టేది, అట్లు మొదలెట్టేది ఆ రోజే. మంగళవారం జైగ్రిష్, కుర్రాళ్లు అమ్మాయిలు జారుడు బండల మీద ఆటలు, పూర్వం పెళ్లిచూపుల పని కూడా అక్కడే కానిచ్చేవాళ్లట. బుధవారం లకోమ్కా, అంటే తిండిపోతు రోజు అనుకోండి, అత్తగారు అల్లుణ్ణి ఇంటికి పిలిచి అట్లు పెట్టాలి. గురువారం రజ్గుల్యాయ్, అక్కణ్ణుంచి అసలు జాతర. శుక్రవారం లెక్క తిరగబడుతుంది, త్యోషినీ వెచోర్కీ, ఈసారి అల్లుడే అత్తగారిని పిలిచి మర్యాద చెయ్యాలి. (మన అల్లుళ్లకి ఈ శుక్రవారం సంగతి ఎవరైనా చెప్పండి.) శనివారం జలోఫ్కినీ పసిద్యెల్కీ, కొత్త కోడలు ఆడపడుచులని ఇంటికి పిలిచి కానుకలు ఇవ్వాలి. ఆదివారం క్షమాపణల రోజు, దాని గురించి విడిగా చెప్తా.

రష్యన్ క్లాసులో టీచర్ జలోఫ్కా అనే మాట చెప్పడానికి ఇంగ్లీషులో తంటాలు పడుతుంటే, భర్త చెల్లెలా అని మేం అడిగాం. అవును అంది. ఆడపడుచు! అని మా బెంచీ మొత్తం ఒకేసారి అరిచాం. త్యోషా అంటే భార్య తల్లి, స్వెక్రోఫ్ అంటే భర్త తల్లి, వాళ్లకి రెండు వేరు మాటలు, మనకి ఇద్దరూ అత్తలే. మేం ఆడపడుచు లాంఛనాల గురించి చెప్తే ఆవిడ నవ్వి, కానుక ఇవ్వకపోతే ఏమవుతుంది అని అడిగింది. జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు అన్నాం. ఇక్కడా అంతే అంది.

అయితే ఇది వాళ్ల భోగి అనుకోవచ్చా?

మంట వరకు అనుకోవచ్చు. చలి పోవాలని మంట, చుట్టూ జనం, పాత సామాను కూడా కొన్ని ఊళ్లలో మంటలో వేసేవాళ్లు. ఆదివారం కాల్చే బొమ్మని చూచెలా అంటారు, గడ్డితో చేసిన ఆడ బొమ్మ, రంగు గౌను, తలకి స్కార్ఫు, గుడ్డ మీద గీసిన మొహం. ఆమె పేరూ మాస్లెనిత్సాయే, చలికాలమూ ఆమే. వారమంతా ఆమెని అతిథిలా చూసుకుని చివర్లో తగలబెట్టడం ఏంటని మా రూమ్మేట్ బాధపడింది, మరి మనం వినాయకుణ్ణి తొమ్మిది రోజులు పూజించి నీళ్లలో కలపట్లేదా అన్నా.

బ్లినీ, అంటే ఆ అట్లే, గుండ్రంగా పచ్చగా ఉంటాయి కాబట్టి సూర్యుడికి గుర్తు అని గైడ్లందరూ చెప్తారు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ చావు భోజనాల్లోనూ ఇక్కడ బ్లినీయే పెడతారు, పూర్వం ఈ వారంలో మొదటి అట్టు చనిపోయిన పెద్దల పేరు మీద తీసి బిచ్చగాళ్లకి ఇచ్చేవాళ్లు. నాకైతే సూర్యుడి కథ కన్నా ఇదే మన సంక్రాంతికి దగ్గరగా అనిపించింది, మనమూ పెద్దలకి పెట్టుకునేది ఆ పండగలోనే కదా.

చర్చి వాళ్లు ఒప్పుకుంటారా ఈ బొమ్మ కాల్చడం?

ఒప్పుకోరు, అది పాత అన్యమత ఆచారం అంటారు, వాళ్లకి ఈ వారం ఉపవాసానికి తయారయ్యే వారం. భక్తి ఉన్న రష్యన్ ఫ్రెండ్స్ కొందరు మంట దగ్గరికి రారు, పిలిచి ఇబ్బంది పెట్టకండి. 2018లో కలూగా ప్రాంతంలోని నికోలా లెనివెత్స్ అనే ఆర్ట్ పార్కులో గోథిక్ చర్చిలా కనిపించే పెద్ద కట్టడం కట్టి కాల్చారు, దాని మీద పెద్ద గొడవే అయింది.

ఏం వేసుకోవాలి? మైనస్ పదే కదా, జీన్స్ సరిపోవా?

సరిపోవు. ఫస్టియర్‌లో నేను జీన్స్, స్పోర్ట్స్ షూ, కాటన్ సాక్సు ఒక జత వేసుకుని వెళ్లా. క్లాసుకి వెళ్లేటప్పుడు అవే వేసుకుంటా కదా, ఏం కాలేదు కదా అని ధైర్యం. కానీ క్లాసుకి నడుస్తాం, పండగలో నిలబడతాం, తేడా అంతా అక్కడే. మంచు మీద గంటసేపు కదలకుండా నిలబడితే చలి కింది నుంచి ఎక్కుతుంది, ముందు వేళ్లు మండుతాయి, తర్వాత నొప్పి తెలియడం ఆగిపోతుంది, అదే ప్రమాదం. అప్పటికి ఫోన్లో 40 శాతం ఛార్జ్ ఉంది, వీడియో తీద్దామని బయటికి తీశా, ఠక్కున ఆఫ్. సరే టీ తాగి వేడెక్కి వద్దామని పక్కనున్న షాపింగ్ మాల్‌లోకి దూరి, రేడియేటర్‌కి కాళ్లు ఆనించుకుని ఇరవై నిమిషాలు కూర్చుని బయటికొచ్చేసరికి బొమ్మ లేదు, కాలిన కర్ర ఒకటి నిలబడి ఉంది. అదీ నా మొదటి మాస్లెనిత్సా.

కాబట్టి: లోపల థర్మల్స్, ఊలు సాక్సులు, ఒక సైజు పెద్ద బూట్లు (బిగుతుగా ఉంటే రెండు జతల సాక్సులు వేసినా దండగే, గాలి ఆడాలి), చెవులు మూసే టోపీ. ఫోన్ పై జేబులో కాదు, జాకెట్ లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకోండి, పవర్ బ్యాంకు కూడా లోపలే. మంటకి మరీ దగ్గరగా వెళ్లకండి, నిప్పురవ్వలు పడితే మన పఫర్ జాకెట్లకి చిన్న చిన్న చిల్లులు పడి ఈకలు బయటికొస్తాయి, మా క్లాస్‌మేట్ ఒకడు రెండేళ్లు సెల్లోటేపు అతికించుకుని తిరిగాడు. వోల్గా పైన ఐసు మీదికి అసలు దిగొద్దు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, జనం కూర్చుని చేపలు పడుతుంటారు కూడా, వాళ్లకి తెలుసు ఎక్కడ కూర్చోవాలో, మనకి తెలీదు.

బ్లినీ అంటే దోశలేనా? హాస్టల్లో చేసుకోవచ్చా?

చూడ్డానికి దోశలే, పొయ్యడం మాత్రం వేరు. మా హాస్టల్ డ్యూటీలో ఉండే బాబుష్క ఒకావిడ, డెబ్బై దగ్గర ఉంటాయి, రాత్రి పదకొండు దాటి వస్తే తలుపు తియ్యడానికి పావుగంట తిడుతుంది, మా తాలింపు వాసన అంటే మంట, ఎండుమిర్చి వేసినప్పుడల్లా దగ్గుకుంటూ పైకొచ్చి కిటికీలన్నీ తీసేసేది. సెకండియర్‌లో మాస్లెనిత్సా గురువారం నాడు నేను కిచెన్లో బ్లినీ ట్రై చేస్తుంటే వచ్చి చేతులు కట్టుకుని చూసింది. నేను అలవాటుగా పిండి మధ్యలో పోసి గరిటతో గుండ్రంగా తిప్పా, చిరిగి ముద్దయింది. ఆవిడ గరిట లాక్కుంది.

అర లీటరు పాలు, రెండు గుడ్లు, ఒక గ్లాసు మైదా, చెంచా పంచదార, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె. ఉండలు లేకుండా కలిపి అరగంట వదిలెయ్యాలి. దోశ పిండిలా ఉండకూడదు, రవ్వదోశ పిండిలా జారుగా ఉండాలి. పెనం బాగా కాలాక పిండి ఒక అంచున పోసి, గరిట ముట్టకుండా పెనాన్నే చేత్తో పట్టుకుని చుట్టూ వంచి తిప్పాలి, పిండి తనంతట తనే పరుచుకుంటుంది. అంచులు రంగు మారగానే వేళ్లతో పట్టుకుని తిరగెయ్యడమే. ఇక్కడిదాకా కొత్త. ఆ తర్వాత ఆవిడ సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి నూనెలో ముంచి పెనానికి రాసింది చూడండి, నాకు ఒక్కసారి మా నాయనమ్మ కనిపించింది. మొదటిది ఎటూ పాడవుతుంది, పెర్వీ బ్లిన్ కోమమ్ అంటారు, మొదటి అట్టు ముద్దే అని సామెత. మన ఇళ్లలో మొదటి దోశ పెనానికి అంటుకుపోయినా ఎవరూ పట్టించుకోం కదా, అలాగే. కొత్త పని ఏది మొదలుపెట్టి చెడగొట్టినా ఈ సామెత వాడుకోవచ్చు, అనాటమీ మొదటి టెస్టు తర్వాత నేను వాడా.

వేడిగా తియ్యగానే ఒక్కోదానికీ వెన్న రాసి దొంతరగా పేర్చాలి. నంజుకోడానికి స్మెతానా అంటే పుల్లటి మీగడ, త్వరోగ్ అంటే మన పనీర్ పొడిలా ఉండేది, తేనె, జామ్, లేదంటే స్గుషోంకా అని డబ్బాలో దొరికే చిక్కటి తియ్యటి పాలు. ఎర్ర చేప గుడ్లు ఇక్రా అని పెడతారు, ఖరీదు. మేమైతే ఒకసారి అల్లం పచ్చడి వేసి ఆవిడకిచ్చాం. మంచినీళ్లు అడగలేదు, గొప్ప విషయం.

ఇంకో మాట. బ్లిన్ అనేది ఇక్కడ చిన్న తిట్టు కూడా, బస్సు మిస్సయినా, చెయ్యి కాలినా అదే అంటారు. మనలో చాలామంది తినకముందే ఆ మాట నేర్చేసుకుంటారు.

నేను వెజ్. అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా?

గుడ్డు తినే వెజ్ అయితే మీ అంత సుఖపడేవాళ్లు లేరు. గుడ్డు కూడా తినకపోతే కష్టం, బ్లినీ పిండిలో గుడ్డు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అలాంటప్పుడు టీ, బరన్కీ అనే గట్టి రింగు బిస్కెట్లు, వాటితో సరిపెట్టుకోవాలి. చర్చి లెక్కలో మాంసం లేని వారమే గానీ పండగ స్టాళ్లలో షష్లిక్ అంటే మాంసం కబాబుల పొగలు మామూలే, బ్లినీలో కూడా మాంసం కూరి అమ్ముతారు. స్ మ్యాసమ్ అని బోర్డు ఉంటే మాంసం ఉన్నట్టు, ఏ మాంసమో రాయరు. గవ్యాదినా అంటే గొడ్డు మాంసం, స్వినీనా అంటే పంది, కూరిత్సా అంటే కోడి. ఈ మూడు మాటలు చేతి మీద రాసుకునైనా వెళ్లండి. కొందరు పెనానికి నూనె బదులు పంది కొవ్వు ముక్క రాస్తారు, సాలా అంటారు, అదీ పట్టింపు ఉంటే అడిగి కొనుక్కోండి.

మందు పోస్తారట కదా?

మెదవూఖా అని తేనెతో చేసేది అమ్ముతారు, తియ్యగా ఉంటుంది, జ్యూస్ అనుకుని తాగేస్తారు, ఎక్కాక తెలుస్తుంది. స్బీతెన్ అనేది వేరు, తేనె, మసాలాలు వేసి మరిగించిన వేడి నీళ్లు, మత్తు ఉండదు, మిరియాల కషాయం తాగి పెరిగిన వాళ్లకి వెంటనే నచ్చుతుంది. వీధుల్లో, పార్కుల్లో సీసా పట్టుకుని తాగడం ఇక్కడ చట్టప్రకారం తప్పు. మనం స్టూడెంట్ వీసా మీద ఉన్నాం, అంతే చెప్తా.

డబ్బులు, కాగితాలు?

ఇండియా నుంచి తెచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు ఇక్కడ 2022 మార్చి నుంచి పనిచెయ్యవు. రష్యా వాళ్ల సొంత మీర్ కార్డు లేకపోతే రూబుల్స్ క్యాష్ పట్టుకెళ్లండి, చిల్లరగా. చిన్న స్టాళ్ల వాళ్లు క్యాష్ లేదా ఫోన్ నంబర్ మీద ట్రాన్స్‌ఫర్ అడుగుతారు. ఊరి పార్కులో జరిగే పండగకి టికెట్ మామూలుగా ఉండదు, మ్యూజియంల లోపల జరిగేవాటికి ఉంటుంది. పాస్‌పోర్టు, మైగ్రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర పెట్టుకోండి, జనం గుమిగూడే చోట పోలీసులు అడగొచ్చు.

స్తంభం ఎక్కే పోటీ నిజంగా ఉంటుందా? మనం ఎక్కొచ్చా?

ఉంటుంది. నున్నటి పొడుగాటి స్తంభం, పైన బూట్లో, ఇంకేదో బహుమతో వేలాడదీస్తారు, మగవాళ్లు చొక్కా విప్పేసి ఎక్కుతారు, బట్టలు జారతాయి, ఒళ్లయితే పట్టు దొరుకుతుందని. కృష్ణాష్టమికి ఉట్టి కొట్టడం చూసిన వాళ్లకి కొత్తేం కాదు, చలి ఒక్కటే తేడా. మా సీనియర్ ఒకాయన, భీమవరం, కొబ్బరిచెట్టు ఎక్కేవాణ్ణి ఇదెంత అని చొక్కా విప్పాడు. రెండు బారలు ఎక్కి జారిపోయి దిగాడు. జనం మాత్రం గెలిచినవాడి కన్నా ఆయనకే ఎక్కువ చప్పట్లు కొట్టారు, వారం రోజులు జలుబు.

ఇవి కాక దుంగ మీద ఎదురెదురుగా కూర్చుని గడ్డి మూటలతో కొట్టుకోవడం, తాడు లాగడం, వాలెన్కీ అనే ఊలు బూట్లు ఎవరు దూరం విసురుతారో చూడ్డం, ఇవి ఎవరైనా ఆడొచ్చు, పిలిచి మరీ ఆడిస్తారు. ఖరవోద్ అని అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు, బతుకమ్మ ఆడిన వాళ్లకి అడుగు ఇట్టే పడిపోతుంది. మంచుతో కోట కట్టి, కొందరు కాపలా కాస్తే కొందరు దాడి చేసి కూల్చే ఆట ఉంది, సైబీరియాలో గుర్రాల మీద వచ్చి కూల్చేవాళ్లు. క్రస్నయార్స్క్‌లో పుట్టిన చిత్రకారుడు సూరికోవ్ 1891లో దీని మీద పెద్ద బొమ్మ వేశాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యన్ మ్యూజియంలో ఉంది, వెళ్తే చూడండి. ఎగిరే గుర్రం సరే, నాకు మాత్రం పక్కన బండిలో రంగు దుప్పటి మీద కూర్చుని నవ్వుతున్న వాళ్లని చూస్తుంటేనే బాగుంటుంది.

పెద్దగా ఎక్కడ జరుగుతుంది?

మాస్కోలో కలోమెన్‌స్కయె, వేదెన్ఖా లాంటి చోట్ల, పీటర్స్‌బర్గ్‌లో యెలాగిన్ దీవిలో, ఇంకా యారొస్లావ్ల్, సూజ్దల్. సూజ్దల్ చెక్క ఇళ్ల మధ్య ఫొటోలు చాలా బాగా వస్తాయి, హోటల్ రేట్లు కూడా అలాగే ఉంటాయి. నన్నడిగితే మొదటి రెండేళ్లు మీ ఊళ్లోనే చూడండి, మాస్కోలో మీ ముందున్న వాడి టోపీ తప్ప ఏం కనిపించదు. కజాన్‌లో ముస్లింలు ఎక్కువే అయినా అక్కడా జరుగుతుంది. కాకసస్‌లో నాల్చిక్, మఖచ్‌కలా వైపు ఉన్న వాళ్లకి మాత్రం ఇంత హడావిడి కనిపించదు, అక్కడి పండగలు వేరు.

శివరాత్రి కూడా ఇదే టైముకి వస్తుంది కదా?

వస్తుంది, చాలాసార్లు అటూఇటుగా. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15 ఆదివారం, మర్నాడే మాస్లెనిత్సా మొదలు. 2025లో అయితే ఫిబ్రవరి 26 బుధవారం, అంటే సరిగ్గా అట్లు తినే లకోమ్కా రోజునే శివరాత్రి. మా డిపార్ట్‌మెంట్ టీచర్ ఆరోజు ఇంటి నుంచి పెద్ద దొంతర తువ్వాల్లో చుట్టి ఇంకా పొగలు కక్కుతుండగా తెచ్చింది. మా రూమ్మేట్ ఉపవాసం. వద్దంటే ఏమనుకుంటుందో అని భయపడుతూ, మాకివాళ పోస్త్ అండీ అంది. టీచర్ ఇంకేం అడగలేదు, రెండు తీసి ఫాయిల్‌లో చుట్టి, రేపటికి అని బ్యాగులో పెట్టింది. వాళ్ల మాటతో చెప్తే మన ఉపవాసం వాళ్లకి ఎంత తేలిగ్గా అర్థమవుతుందో అప్పుడే తెలిసింది.

త్వేర్‌లో ఉన్న వాళ్లకి ఇంకోటి చెప్పాలి. వోల్గా ఒడ్డున పడవ ముందు భాగం ఆకారంలో దిమ్మె మీద ఒక విగ్రహం ఉంటుంది చూడండి, 1955లో పెట్టింది, ఆయన అఫనాసి నికీతిన్. 15వ శతాబ్దంలో ఈ ఊరి వ్యాపారి, తిరిగి తిరిగి మన దక్కన్‌కి వచ్చి బీదర్‌లో ఉన్నాడు. శివరాత్రికి అక్కడి జనంతో కలిసి పర్వత్ అనే క్షేత్రానికి వెళ్లానని రాసుకున్నాడు, అది మన శ్రీశైలమే అని గుర్తించారు. ఆయన పుస్తకాలన్నీ దారిలో దోపిడీలో పోయాయి, దాంతో పోస్త్ ఎప్పుడో, ఈస్టర్ ఎప్పుడో లెక్క తెలీట్లేదని పరాయి దేశంలో కూర్చుని ఏడ్చుకున్నాడు. తిరిగొస్తూ ఇల్లు చేరకముందే స్మొలెన్స్క్ దగ్గర పోయాడు. మనకి ఫోన్లో క్యాలెండర్ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మన ఉగాది గతీ అంతే.

రష్యన్ సరిగ్గా రాదు, ఏం మాట్లాడాలి?

ఎదురుపడితే స్ మాస్లెనిత్సెయ్ అంటే చాలు, పండగ శుభాకాంక్షలు. మంట అంటుకోగానే జనమంతా గరీ గరీ యాస్న, ష్తోబీ నె పగాస్ల అని అరుస్తారు, బాగా మండు, ఆరిపోకు అని. మీరూ అరవండి, ఉచ్చారణ ఎవడూ పట్టించుకోడు.

ఆదివారం ఎవరో వచ్చి నన్ను క్షమించు అన్నారు, భయమేసింది. ఏం చెప్పాలి?

భయమెందుకు, అది ప్రష్షోనయె వస్క్రెసేన్యె, క్షమాపణల ఆదివారం. ఉపవాసంలోకి మనసులో పాత కోపాలు పెట్టుకుని వెళ్లకూడదని ఇంట్లో వాళ్లు, ఇరుగుపొరుగు, తోటి ఉద్యోగులు ఒకళ్లనొకళ్లు క్షమాపణ అడుగుతారు. ఆ సాయంత్రం చర్చిలో ఫాదరే జనం ముందు వంగి అడుగుతాడు. ఫోన్లకి మెసేజులు కూడా వస్తాయి. ఏం తప్పు చేశావు అని ఎదురు అడక్కండి. జవాబు ఒకటే, బోగ్ ప్రస్తీత్, ఈ యా ప్రష్షాయు, దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నా అని. ఆ తర్వాత మీరు కూడా అడగాలి.

ఇది నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. సెకండియర్‌లో ఆ ఆదివారం రాత్రి మంట చూసి, పొగ వాసనతో హాస్టల్‌కి వచ్చాం, పదకొండు దాటింది. తిట్లకి రెడీ అయ్యే తలుపు కొట్టాం. ఆ బాబుష్కే. వెంటనే తలుపు తీసింది, గడియారం వైపు చూడలేదు, అమ్మాయిలూ నన్ను క్షమించండి, ఏమైనా అని ఉంటే, అంది. మాకు జవాబు తెలీదు. నిచెవో నిచెవో, ఏం పర్లేదు ఏం పర్లేదు అని నవ్వేసి మెట్లెక్కి పైకి వెళ్లిపోయాం. మర్నాడు రష్యన్ క్లాసులో అడిగితే టీచర్ మొత్తం చెప్పింది. సాయంత్రం కిందికి వెళ్లి ఆవిడ దగ్గర నిలబడి, ప్రస్తీతె, ఎండుమిర్చికి, అన్నా. ఇంక పోస్త్ మొదలైపోయింది, నిన్న చెప్పాల్సింది అని గొణిగి, బోగ్ ప్రస్తీత్ అని, కిటికీ తీసి వండుకో అంది.

సోమవారం నుంచి ఏంటి?

పార్కులో మంచు మీద నల్లటి మచ్చ ఒకటి మిగులుతుంది, అంతే. వెజ్ వాళ్లు మాత్రం ఇప్పుడు కళ్లు తెరవండి: ఉపవాసం ఏడు వారాలూ కొన్ని క్యాంటీన్లు, కేఫేలు, సూపర్‌మార్కెట్లలో పోస్త్‌నయె అని రాసి ఉన్నవి కనిపిస్తాయి. అంటే మాంసం, పాలు, గుడ్డు లేనివి. బన్నులు, లోపల కూర పెట్టి చేసే పిరష్కీలు, సూపులు, ఆఖరికి మయొనీస్ కూడా. చేపలు, తేనె సంగతి మాత్రం ఒకసారి అడగండి. గుడ్డు తినని మా రూమ్మేట్ మాస్లెనిత్సా వారమంతా టీ తాగి గడిపి, సోమవారం పొద్దున్నే క్యాంటీన్ బోర్డు ముందు నిలబడి పైనుంచి కింది దాకా ఆర్డరు చెప్తుంది.